గుత్తి మిరప: ఊరి పేరా, కాయల గుత్తా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): పెరట్లో ఉన్న మిరప చెట్టుకు, నారు అమ్మినచోట చీటీ మీద "గుత్తి మిరప" అని రాసిచ్చినారు. కాయ రెండంగుళాల లోపే, మొన ఆకాశం వైపు. పండితే ఎరుపు. కారం మామూలు పచ్చిమిరక్కాయకన్నా బాగా ఎక్కువ. గుంటూరు సన్నం, బ్యాడగి మాదిరి ఇది మన అనంతపురం జిల్లా గుత్తి ఊరి పేరా? అసలిది ఏ రకం?

గుంతకల్లు: ఒట్టి మాటను పట్టుకుంటే తేలదన్నా. ఊరి పేరూ గుత్తే, తాళాల గుత్తీ గుత్తే. రెంటి పక్కనా "మిరప" ఒకే తీరుగా అతుక్కుంటుంది. కాబట్టి చెట్టును అడగాల. కాయలు గుంపుగా కాస్తుంటే పూలగుత్తిలోని గుత్తి అనుకోవచ్చు. ఒక్కొక్కటిగా కాస్తుంటే అప్పుడు ఊరి సంగతి ఆలోచిద్దాం. (గుత్తొంకాయను సాక్ష్యానికి తేవద్దు. ఆ కాయ గుంపుగా కాసేది కాదు. నాలుగు చీలికలూ ముచ్చిక దగ్గర విడిపోకుండా ఉంటాయని ఆ పేరు.)

ఆదోని: కన్నడం వాళ్లు ఇట్లాంటి పైకి చూసే చిన్న కాయను గాంధారి మెణసు, సూజి మెణసు, జీరిగె మెణసు అంటారు. సూది, జీలకర్ర అని ఆకారం చెప్పే పేర్లే. ఇదీ గాంధారే అయ్యుండొచ్చు కదా?

కర్నూలు: పైకి చూసినంత మాత్రాన గాంధారి కాదక్కా. కాయ దిక్కు, ఆకారం, కారం, ఈ మూడింటితో జాతి తేలదు. నీళ్లు తగ్గిన చెట్టు కాయ మరింత మండుతుంది. పైగా కారం ఎక్కువగా ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకునే తెల్ల పొరలో. కొరికినప్పుడు ఆ పొర ఎంత నోట్లోకి వచ్చిందనేదాన్ని బట్టి కూడా తేడా తెలుస్తుంది. జాతికి పువ్వును చూడాల.

పొద్దున్నే, అప్పుడే విచ్చిన పువ్వును చూడండి. మొదటి పంగలో వచ్చే పువ్వు ఒక్కదాన్నే నమ్మొద్దు. కనీసం పది కణుపులు చూసి, ఒక్కో కణుపులో ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టండి.

కణుపుకు ఒకే పువ్వు, రేకులు పాలతెలుపు అయితే చాలావరకు కాప్సికం ఆన్యువమ్. మన సన్నాలు, బ్యాడగి, బజ్జీ మిరప, బుంగ మిరప అన్నీ ఈ జాతే. గాంధారిది ఫ్రూటెసెన్స్ జాతి. దాని రేకుల్లో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది; తొడిమ నిటారుగా నిలబడి, పువ్వు మాత్రం తల వంచుతుంది. పండిన కాయను మెల్లగా లాగితే ముచ్చిక చెట్టుకే ఉండిపోయి కాయ ఊడివస్తుంది. కణుపుకు రెండు నుంచి ఐదు పూలుండి, ముచ్చిక తొడిమను కలిసేచోట దారం బిగించినట్టు నొక్కు కనిపిస్తే చైనెన్స్. విపరీతంగా మండే భూత్ జొలోకియా, హబనేరో మిరపలు ఆ వర్గం. ఆ నొక్కు కాయ ముదిరేకొద్దీ బాగా తెలుస్తుంది.

రేకుల అడుగున పసుపు మచ్చలుంటే బకాటమ్ జాతి. ఊదా పువ్వు, నల్ల గింజ ఉన్న జాతి ఇంకొకటుంది గానీ మన ఎండకు నిలవదు.

ప్రొద్దుటూరు: చూసినాను సార్. కింది కణుపుల్లో ఒక్కొక్క పువ్వే, తెల్లవి. కొమ్మ చివర మాత్రం ఆరేడు కాయలు ఒకేచోట గుంపుగా ఉన్నాయి. పండును లాగితే ముచ్చికతోనే వచ్చింది. ఆకులు మాత్రం ముడతలు పడినాయి. చైనెన్స్ ఆకు ముడతగా ఉంటుందని చదివినాను, అందుకే అనుమానం.

కర్నూలు: గుంపు కొమ్మ చివరే ఉందన్నారు కాబట్టి అసలు సంగతి అక్కడే ఉంది. ఆన్యువమ్‌లోనే కొన్ని రకాలకు కొమ్మ పెరగడం ఆగిపోయి, దగ్గర దగ్గర కణుపుల పూలన్నీ ఒకే చోట పోగవుతాయి. కాయలు నిటారుగా గుత్తిగా నిలుస్తాయి. చైనెన్స్‌లో అట్లా కాదు, గుంపు ప్రతి కణుపులోనూ వస్తుంది. మీది ఆన్యువమ్‌లో గుత్తి కాపు రకం. చీటీ మీది పేరు కూడా ఆ కాపును చెప్పేదే.

ముడత వేరే సంగతి. ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా ఉంటే తామర పురుగు, అది పైముడత. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగి ఉంటే తెల్లనల్లి, అది కింది ముడత. చైనెన్స్ ఆకు ముడత చెట్టంతా ఒకే తీరుగా ఉంటుంది. పురుగుదైతే లేత చిగురు దగ్గర ఎక్కువ, కింది ముదురాకు బాగానే ఉంటుంది.

గుంతకల్లు: అయితే "గుత్తి మిరప" రకం పేరు కాదు, గుణం పేరు. "నాటు మిరప" కూడా అంతే, హైబ్రిడ్ కానిదంతా నాటే అంటారు. మిరపే అమెరికా నుంచి పోర్చుగీసుల వెంట వచ్చింది; అందులో నాటేది, పరదేశిదేది? చీటీ రాసేవాళ్లు కింద "ఆన్యువమ్, గుత్తి కాపు, నిటారు" అని చేర్చితే పేరు తప్పుదారి పట్టించదు.

ఆదోని: మరి గింజ తీసి మళ్లీ వేస్తే ఇదే వస్తుందా?

కర్నూలు: హామీ లేదు. చీటీ చెట్టు హైబ్రిడ్ అయితే దాని గింజ మొలకలు తలా ఒక తీరుగా వస్తాయి. హైబ్రిడ్ కాకపోయినా పక్క చెట్టు పుప్పొడిని తేనెటీగ తెస్తే సంకరమవుతుంది. దాని ప్రభావం ఈ ఏడాది కాయలో కనిపించదు, ఆ గింజతో మొలిచిన చెట్టులో కనిపిస్తుంది. "పక్కన మండే మిరప పెట్టినందుకు మా బజ్జీ మిరప మండింది" అనేది అందుకే తప్పు. అదే రకం కావాలంటే విచ్చని మొగ్గకు పల్చటి గుడ్డ సంచి కట్టి, రోజూ పొద్దున కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. పిందె పట్టినాక సంచి తీసి, ఆ కాయ తొడిమకు ఎర్ర దారం కట్టండి. బాగా పండిన కాయ గింజనే నీడలో ఆరబెట్టాల.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, సంచిలో ఇంకా ఉక్క. వానలు పడినాక మొదలుపెట్టండి. ప్రొద్దుటూరు అన్నా, అప్పుడు పువ్వు ఫొటో పక్కనుంచి కూడా ఒకటి తీసి పెట్టండి. పైనుంచి తీస్తే తొడిమ కనిపించదు.