పాత హార్డ్ డిస్క్ పీకితే ఎస్ఎస్‌డీ బూట్ కావట్లేదు

బురుజు_కర్నూలు:
అన్నలూ, డెస్క్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండంగానే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టి, దాంట్లోకి విండోస్ 11 ఎక్కించినా. బాగానే నడుస్తాంది. పాతదాని సాటా కేబుల్ పీకితే మాత్రం ‘నో బూటబుల్ డివైస్’. తగిలిస్తే మళ్లా లేస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పాతదానికి పసుపు ‘కాషన్’ పడింది, సీ5 వరసలో 16. విండోస్ మళ్లా వేయకుండా దారుందా?

పెన్నా_గట్టు:
పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, బూట్ బాగుచేసే కమాండ్లు బూట్‌రెక్ /ఫిక్స్ఎంబీఆర్, /ఫిక్స్‌బూట్ కొట్టి చూడు.

అనంత_డెస్క్‌టాప్:
అవి ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి) కాలం మందులు. యూఈఎఫ్ఐలో (కొత్త మదర్‌బోర్డులు సిస్టమ్‌ను లేపే పద్ధతి) ఫిక్స్ఎంబీఆర్‌తో ఒరిగేదేం లేదు, ఫిక్స్‌బూట్ చాలాసార్లు ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది. తమ్ముడూ, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) ఏ డిస్క్‌లో ఉందో చెప్పు. డిస్క్‌పార్ట్‌లో (డిస్క్ భాగాలు సర్దే విండోస్ కమాండ్) లిస్ట్ డిస్క్ కొడితే జీపీటీ (భాగాలు చేసే కొత్త పద్ధతి) కింద నక్షత్రం ఉందా?

బురుజు_కర్నూలు:
రెండిటికీ నక్షత్రం ఉందన్నా. ఈఎఫ్ఐ 100 ఎంబీది పాతదాంట్లోనే. ఎస్ఎస్‌డీలో సి:, రికవరీ ఉన్నాయంతే.

అనంత_డెస్క్‌టాప్:
దొరికింది. ఇంకో డిస్క్‌లో ముందే ఈఎఫ్ఐ ఉంటే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లు దాంట్లోకే తోస్తుంది. ఇల్లు ఒకచోట, తాళం ఇంకోచోట.

ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ రాసిపెట్టుకో. సిస్టమ్ ఆపి పాతదాని కేబుల్ తీసెయ్. అది ఉంటే సి: అనేది ఏ డిస్క్‌దో తికమకై తప్పు పార్టిషన్ మీద చెయ్యి పడుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ చేసి, యూఈఎఫ్ఐ అని చూపించే ఎంట్రీతోనే బూట్ చెయ్, షిఫ్ట్+ఎఫ్10 నొక్కు, కమాండ్ల కిటికీ తెరుచుకుంటుంది. కమాండ్లు ఇంగ్లీషులోనే కొట్టాల, ఇక్కడ తెలుగులో రాస్తున్నానంతే:

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్
సెలెక్ట్ డిస్క్ (ఎస్ఎస్‌డీ నంబరు)
లిస్ట్ పార్టిషన్
సెలెక్ట్ పార్టిషన్ (సి: నంబరు)
ష్రింక్ డిజైర్డ్=300
క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260
లిస్ట్ పార్టిషన్

ఇక్కడ ఆగు. నక్షత్రం 260 ఎంబీదాని పక్కనే ఉండాల. సి: పక్కన ఉంటే తర్వాతి లైను విండోస్‌ను తుడిచేస్తుంది.

ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32
అసైన్ లెటర్=ఎస్
లిస్ట్ వాల్యూమ్
ఎగ్జిట్
బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

లిస్ట్ వాల్యూమ్‌లో విండోస్ ఉన్నది డి: అని వస్తే చివరి కమాండ్‌లో డి: వెయ్యి. ఇన్‌స్టాలర్‌లో అక్షరాలు మారుతుంటాయి. ఈఎఫ్ఐ డిస్క్ మొదట్లోనే ఉండాలని ఏం లేదు, సి: వెనకాల ఉన్నా పనిచేస్తుంది.

పెన్నా_గట్టు:
నాది తప్పే. ఒకటి చెప్తా. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పడిన సెక్టార్లు. పాతదాని మీద సీహెచ్‌కేడిస్క్ /ఆర్ (పాడైన సెక్టార్లు వెతికే కమాండ్) నడపొద్దు, మొత్తం డిస్క్‌ను గీకి ఉన్న ప్రాణం కాస్తా తీస్తుంది. కేబుల్ పీకేముందే ఫొటోలు, పత్రాలు ఎస్ఎస్‌డీలోకి లాగెయ్, సినిమాలు చివర్లో. ష్రింక్ మధ్యలో కరెంటు పోతే కష్టం, యూపీఎస్ లేకుంటే కోత లేని టైం చూసుకో.

బురుజు_కర్నూలు:
‘బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్’ వచ్చింది, కేబుల్ లేకుండానే లేచిందన్నా. పాతదాంట్లో మిగిలినవి యూఎస్‌బీ కేసులో పెట్టి తీసుకోవచ్చా?

అనంత_డెస్క్‌టాప్:
తీసుకోవచ్చు. 3.5 అంగుళాలది కాబట్టి 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేసే కొను, ల్యాప్‌టాప్ డిస్క్ కేసుతో తిరగదు.