‘ప్రత్యర్థి’ ఎవరు?

ఎదుటి పార్టీ చేతిలో ఉన్న శాసనసభ స్థానంలో పోటీకి దిగే అభ్యర్థిని ఏమనాలన్న ప్రశ్నకు ఇక్కడ చాలామంది ‘ప్రత్యర్థి’ అని బదులిచ్చారు. వాడుకను బట్టి ఆ జవాబు చెల్లుతుంది. అమరకోశం కూడా ఆ మాటను శత్రువు పర్యాయపదాలలోనే చేర్చింది. అయితే దానికి మరొక పాత అర్థం ఉంది, ఎన్నికలకు అదే బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

ధర్మశాస్త్రాల వ్యవహార (న్యాయవిచారణ) భాగంలో అర్థి అంటే ఫిర్యాదు తెచ్చినవాడు, ప్రత్యర్థి అంటే దానికి జవాబు చెప్పుకోవలసినవాడు. నేటి న్యాయస్థానాలలో వాది, ప్రతివాది అంటున్నది వీరినే. ‘ప్రత్యర్థినోఽగ్రతో లేఖ్యం యథావేదితమర్థినా’ అంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. అర్థి విన్నవించినది విన్నవించినట్లే ప్రత్యర్థి ఎదుట రాయించాలని దాని తాత్పర్యం. శ్లోకం రెండవ సగం సంవత్సరం, నెల, పక్షం, రోజు, పేర్లు కూడా అందులో ఉండాలని విధిస్తుంది కనుక, ఎవరి మీదనైనా గాలిమాటగా ఆరోపణ చేయడానికి వీలు లేదు.

ఈ లెక్కన సవాలు చేసేవారు కాదు, సీటులో ఉన్నవారే ప్రత్యర్థి. మంగళగిరిని చూడండి. 2014లో కేవలం 12 ఓట్ల ఆధిక్యంతో ఆ స్థానం వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కింది. 2019లో అక్కడ నిలబడిన నారా లోకేశ్ అప్పటికి రాష్ట్రంలో మంత్రి, ముఖ్యమంత్రి కుమారుడు. అయినా ఆ నియోజకవర్గం వరకు ఆయన బయటినుంచి వచ్చి అడిగేవారే, జవాబు చెప్పవలసినది సిట్టింగ్ ఎమ్మెల్యే ఆళ్ల రామకృష్ణారెడ్డి. రాష్ట్రస్థాయిలో జవాబుదారీ ఒకరిది, నియోజకవర్గంలో మరొకరిది అయిన ఇటువంటి పోటీలో ఇద్దరినీ ‘ప్రత్యర్థులు’ అని రాసి వదిలేస్తే పాఠకునికి అసలు సంగతే అందదు. ఆ ఎన్నికలో 5,337 ఓట్ల తేడాతో ఓడిన లోకేశ్ 2024లో అదే చోట 91,413 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అప్పుడు రామకృష్ణారెడ్డి బరిలో లేరు, ఆయన పార్టీ మురుగుడు లావణ్యను నిలబెట్టింది. వ్యక్తి మారినా గడచిన పదేళ్లకు జవాబు చెప్పవలసిన భారం ఆ పార్టీ గుర్తు మీద నిలబడిన అభ్యర్థి మీదనే పడుతుంది.

వాడుక అర్థంలోనే తీసుకుంటే, 2023లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు రేవంత్‌రెడ్డి, వెంకటరమణారెడ్డి ఇద్దరూ ప్రత్యర్థులే, ఒకరికొకరు కూడా ప్రత్యర్థులే. గెలిచినది వెంకటరమణారెడ్డి.

ఇక సవాలు చేసేవారిని ‘అర్థి’ అందామా అంటే, తెలుగులో ఆ మాటకు యాచకుడన్న అర్థమే స్థిరపడిపోయింది. ‘పోటీదారు’ అందరికీ వర్తిస్తుంది. కాబట్టి కొత్త పదం కల్పించే బదులు ‘ఎదుటి పార్టీ సీటులో పోటీ చేస్తున్న అభ్యర్థి’ అని విడమరిచి రాయడమే మేలు. ‘ప్రత్యర్థి’ని మాత్రం ఆ స్థానం ఎవరి చేతిలో ఉన్నదో ఆ పక్షానికే ఉంచాలని, వార్తలు రాసే మిత్రులు దీనిని ఒకసారి వాడి చూడాలని కోరుతున్నాను.