అట్రాసిటీ చట్టం: 2018 తీర్పును పార్లమెంటు తిప్పికొట్టడం సరైనదేనా?

మధ్యేమార్గం:
ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (1989), అంటే అట్రాసిటీ చట్టంపై సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో 2018 మార్చి 20న సుప్రీంకోర్టు చెప్పింది మూడు మాటలు. ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చు, అది 7 రోజులు దాటకూడదు. నిందితుడు ప్రభుత్వోద్యోగి అయితే అరెస్టుకు నియామకాధికారి రాతపూర్వక అనుమతి, ఇతరులైతే జిల్లా పోలీసు అధిపతి (ఎస్‌ఎస్పీ) అనుమతి తీసుకోవాలి. ప్రాథమిక ఆధారాలు లేనిచోట ముందస్తు బెయిల్ ఇవ్వవచ్చు. దీన్ని నిరసిస్తూ ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఆగస్టులో పార్లమెంటు సెక్షన్ 18ఎ తెచ్చి వీటిని కొట్టేసింది. నా ప్రశ్న ఒక్కటే. ఏడు రోజుల విచారణతో ఎవరికి నష్టం? ఊళ్లో గట్టు తగాదా కూడా అట్రాసిటీ కేసుగా మారుతున్నప్పుడు ఆ జల్లెడ ఉండటమే మేలు కదా?

పాతబస్తీ వకీలు:
జల్లెడ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఈ చట్టం కింద వచ్చే ఫిర్యాదుకు మొదటి అడ్డంకి స్టేషన్ గడపే. దీనికి ముందు అంటరానితనంపై వచ్చిన పౌరహక్కుల పరిరక్షణ చట్టాన్నే తీసుకోండి. 1955లో వచ్చింది, 1976లో సవరించి ఆ పేరు పెట్టారు. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. బావి, గుడి, హోటల్ దగ్గర అడ్డుకోవడం వరకే దాని చూపు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు ఆ చట్టం చేతిలో ఏముంది? అలాంటి దాడుల తర్వాతే 1989 చట్టం వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమలైంది. విధులు నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు అని సెక్షన్ 4 పెట్టిందీ అందుకే. ఎఫ్‌ఐఆర్ రాయడానికి వెనకాడే స్టేషన్‌కు ‘ముందు విచారిస్తాం’ అనే సాకును కోర్టే ఇస్తే ఇక సెక్షన్ 4కు పనేముంది?

పైగా లలితా కుమారి కేసులో 2013లో ఇదే కోర్టు ఏం చెప్పింది? కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) వెల్లడైతే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అంది. దొంగతనానికి వర్తించే సూత్రం ఇక్కడ ఎందుకు వదలాలి?

మధ్యేమార్గం:
సరే, ఎఫ్‌ఐఆర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎఫ్‌ఐఆర్ పడగానే అరెస్టు, సెక్షన్ 18 వల్ల ముందస్తు బెయిల్ లేదు. అబద్ధపు ఫిర్యాదైనా జైలు చూడాల్సిందే.

కాగితం పులి:
ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. ఎఫ్‌ఐఆర్ పడగానే అరెస్టు చేయాలని 18ఎ ఎక్కడా అనలేదు. అరెస్టు అవసరమైతే పై అనుమతి అక్కర్లేదంది, అంతే. కులం పేరుతో బహిరంగంగా దూషించడం సెక్షన్ 3(1) కిందకు వస్తుంది, గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. ఏడేళ్ల లోపు శిక్షలకు, యాంత్రికంగా అరెస్టు చేయొద్దన్న అర్నేష్ కుమార్ తీర్పు (2014) ఉంది. ముందు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి: పాత సీఆర్‌పీసీలో అది 41ఎ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35(3). అరెస్టు చేస్తే కారణాలు రాయాలి. ఇక ముందస్తు బెయిల్ విషయం: 2020 ఫిబ్రవరి 10న పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో 18ఎ చెల్లుతుందంటూనే, ఫిర్యాదులో ప్రాథమికంగా నేరమే కనబడకపోతే సెక్షన్ 18 అడ్డు రాదని చెప్పారు. మహాజన్ తీర్పులో మీకు నచ్చిన ఆ ముక్క బతికే ఉంది. పోయింది ముందస్తు విచారణ, అనుమతులు. ఆ రెండింటినీ అంతకుముందే, 2019 అక్టోబరు 1న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమే వెనక్కి తీసుకుంది.

ఒక హెచ్చరిక. బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. దాన్ని చూపించి అట్రాసిటీ ఫిర్యాదును పక్కన పెడితే ఒప్పుకోవద్దు. ఇది ప్రత్యేక చట్టం, సెక్షన్ 20 ప్రకారం దీనిదే పైచేయి.

పాతబస్తీ వకీలు:
బాగా చెప్పారు. అయితే కేసులు చచ్చేది ఈ పెద్ద తీర్పుల దగ్గర కాదండీ, ఫైల్లో. మొదటిది ఈ చట్టం కింద చేసిన నిబంధనల్లోని రూల్ 7. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఎస్సై సాక్షుల వాంగ్మూలాలు రాసి, డీఎస్పీ చివర్న సంతకం పెడితే డిఫెన్సుకు పండగే. చున్నీలాల్ కేసులో (2009) సుప్రీంకోర్టు ఈ స్థాయి నిబంధన తప్పనిసరి అంది. రెండోది తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువీకరణ. బాధితుడిదే కాదు, నిందితుడు ఎస్సీ ఎస్టీ కాదని చూపే కాగితం కూడా కావాలి. ఇది మరిచి కేసు పోగొట్టుకోవడం సిగ్గుచేటు. మూడోది ఫిర్యాదు రాయడం. ‘కులం పేరుతో తిట్టాడు’ అని రాస్తే చాలదు. ఏ మాటన్నాడు, ఎక్కడన్నాడు, ఎవరు విన్నారు, ఇవన్నీ ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు జరిగితే దూషణ నేరం కాదని హితేష్ వర్మ కేసులో (2020) తేల్చారు.

మధ్యేమార్గం:
అదే కదా నేనంటున్నది! కోర్టులు వడపోస్తూనే ఉన్నాయి.

కాగితం పులి:
వడపోత ఒక్కోసారి గింజల్నీ పారబోస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచే ఉదాహరణ: పటాన్ జమాల్ వలి కేసు, 2021 ఏప్రిల్ 27. చూపులేని దళిత యువతిపై అత్యాచారానికి యావజ్జీవం ఖాయమైంది, కానీ 3(2)(v) కింద, అంటే పదేళ్లు, ఆపై శిక్షపడే నేరం ఎస్సీ ఎస్టీలపై చేస్తే యావజ్జీవం వేసే సెక్షన్ కింద శిక్ష కొట్టేశారు. ఘటన 2011 నాటిది. అప్పటి చట్టంలో నేరం ‘ఆమె ఎస్సీ అయిన కారణంగా’ జరిగిందని నిరూపించాలి. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో ‘ఎస్సీ అని తెలిసి’ అయితే చాలు. అంటే పాత కేసుల్లో కులం సాక్ష్యం మొదటి వాంగ్మూలంలోనే లేకపోతే తర్వాత దిద్దుకోలేం. కొత్త కేసుల్లో నిందితుడికి కులం ముందే తెలుసని చెప్పే ఒక్క సాక్షి, ఇరుగుపొరుగో పనిచేయించుకున్నవాళ్లో, సరిపోతారు.

పాతబస్తీ వకీలు:
సెక్షన్ 15ఎ కూడా గుర్తుంచుకోండి, ఇదీ 2016 నుంచే. బెయిల్ విచారణకు ముందు బాధితులకు నోటీసు ఇవ్వాలి, వారి మాట వినాలి. ఇది లాంఛనం కాదు, తప్పనిసరి అని హరిరామ్ భాంభీ కేసులో (2021) చెప్పారు. నోటీసు లేకుండా బెయిల్ వచ్చిందా, సెక్షన్ 14ఎ కింద హైకోర్టుకు అప్పీలు వేయండి. గడువు 90 రోజులు. మామూలు బెయిల్ రద్దు పిటిషన్ వేసి కాలం పోగొట్టుకోవద్దు.

చార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగియాలని చట్టం అంటుంది. చుండూరు చూడండి: 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. తీర్పు వచ్చింది 2007లో. 2014లో హైకోర్టు దోషులందరినీ వదిలేసింది. మీ ఏడు రోజుల జల్లెడ ఈ లెక్కలో ఎక్కడ పెడతారు, మధ్యేమార్గం గారూ?

మధ్యేమార్గం:
చుండూరుకు నా దగ్గర జవాబు లేదు. కానీ అరెస్టు కారణాలు రాయకుండా జైలుకు పంపే అధికారిపై చర్య కూడా సెక్షన్ 4 అంత గట్టిగా ఉండాలన్న మాట మీదే నిలబడతాను.