నేలమీద విమానాన్ని నడపడం: చేతులు మాట వినడం లేదు

ప్రశ్న (కావలి):
నమస్కారం. పొరుగు రాష్ట్రంలో సెస్నా 172 అనే చిన్న విమానం మీద పైలట్ శిక్షణ పొందుతున్నాను. గాలిలో నా పని పరవాలేదంటున్నారు గానీ, ట్యాక్సీ చేసేటప్పుడు, అంటే నేలమీద నడిపేటప్పుడు, విమానం దారి మధ్యనున్న పసుపు గీతకు అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది. మలుపు రాగానే, కారు నడిపిన అలవాటు కొద్దీ చేతులు యోక్‌ను (గాలిలో విమానాన్ని పక్కకు వాల్చే, స్టీరింగ్ లాంటి పిడిని) తిప్పేస్తున్నాయి. నిన్న బ్రేకులు వేడెక్కించానని చీవాట్లు కూడా తిన్నాను. దీన్ని సరిచేసుకునే మార్గం చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు, గతంలో శిక్షకుడు):
యోక్ తిప్పితే నేలమీద విమానం తిరగదు; ముక్కు చక్రం రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడళ్లకు కలిపి ఉంటుంది. అందుకే గాలి లేని ఉదయాల్లో కొత్తవారిని ఎడమచేయి ఒడిలో పెట్టుకుని, కుడిచేయి థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే మీట) మీద ఉంచమనేవాణ్ణి. మీరు ట్రాక్టరు నడిపి ఉంటే సగం పాఠం వచ్చినట్టే: మడి చివర తిప్పడానికి ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కుతాం, రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపి కొక్కెం వేస్తాం. విమానంలోనూ పెడళ్ల పైభాగాన కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకులుంటాయి. అయితే ట్రాక్టరు అలవాటున్నవారు ప్రతి మలుపుకూ బ్రేకే వాడతారు, అది తప్పు. 172లో పెడళ్లతోనే ముక్కు చక్రం సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది, ఒకపక్క బ్రేకు కలిపితే 30 వరకు. ఆ 10 సరిపోయినంత సేపూ మడమలు నేలకు ఆనించే ఉంచండి.

బ్రేకులు వేడెక్కడానికి కారణం బహుశా థ్రాటిల్ తగ్గించకుండా బ్రేకుతో వేగాన్ని అదుపు చేయడం. ముందు థ్రాటిల్ వెనక్కి, తరువాతే బ్రేకు. వేగం మనిషి వడిగా నడిచేంత. ఇక మెలికల సంగతి: ముక్కు ముందున్న గీతను కాకుండా దూరంగా చూడండి, ముక్కు గీత మీదికి రాకముందే పెడల్ వదలడం మొదలుపెట్టండి. మీరు ఎడమ సీటులో ఉన్నారు కనుక గీత మీ కుడి మోకాలి పక్కగా వెళ్తున్నట్టు కనిపించాలి.

జవాబు 2 (నెల్లూరు, విద్యార్థి):
పై సలహాకు ఒక చేర్పు. గాలి వీస్తున్నప్పుడు చేయి ఒడిలో ఉండకూడదు. ఏటవాలుగా ముందు నుంచి వీస్తే యోక్‌ను గాలి వైపు తిప్పాలి. ఏటవాలుగా వెనుక నుంచి వీస్తే గాలి వచ్చే వైపుకు కాక అవతలి పక్కకు తిప్పి ముందుకు నెట్టి పట్టుకోవాలి, లేకపోతే రెక్కలు పైన ఉండే సెస్నా కింద గాలి దూరుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మడమలు ఆనించి చూశాను. నా సీటే వెనక్కి ఉందని, మునివేళ్లతో తొక్కక తప్పని స్థితిలో కూర్చుంటున్నానని అప్పుడు తెలిసింది. రెండు గళ్లు ముందుకు జరిపాను.