కిడ్నీకి వెళ్లే రక్తం లెక్కకి పీఏహెచ్ ఎందుకు?

పర్లాకిమిడి స్టూడెంట్: రేపు ఇంటర్నల్స్, టెన్షన్‌గా ఉంది. ఇన్యులిన్‌తో (వడపోతతో మాత్రమే మూత్రంలోకి వెళ్లే పదార్థం, ఇన్సులిన్ కాదు) కిడ్నీ వడపోత కొలవడం అర్థమైంది గానీ రక్తప్రవాహానికి పీఏహెచ్ (పారా అమైనో హిప్యూరిక్ ఆమ్లం) ఎందుకో బుర్రకెక్కట్లేదు. ఎవరైనా చెప్పరూ?

రాయగడ ల్యాబ్: కిడ్నీకొచ్చే ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగంలో) ఐదో వంతే వడకడుతుంది తమ్ముడూ, మిగతా ఇన్యులిన్ రక్తంతోనే వెనక్కి పోతుంది. పీఏహెచ్ అలా కాదు, వడపోత తప్పించుకున్నదాన్ని కూడా ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (కిడ్నీ సన్నగొట్టం మొదటి భాగం) లాగేసి మూత్రంలో పడేస్తుంది, అందుకే ఒక్క చుట్టులోనే దాదాపు 90 శాతం ఖాళీ. పీఏహెచ్ మూత్రంలో మిల్లీలీటరుకి 6 మి.గ్రా., ప్లాస్మాలో 0.01, మూత్రం నిమిషానికి 1 మి.లీ. అనుకో, 6ని 1తో గుణించి 0.01తో భాగిస్తే నిమిషానికి 600 మి.లీ. వస్తుంది.

పర్లాకిమిడి స్టూడెంట్: అది ప్లాస్మాయే కదన్నా, రక్తం ఎంత?

రాయగడ ల్యాబ్: హిమటోక్రిట్ (రక్తంలో కణాల వాటా) 45 శాతం అయితే ప్లాస్మా 55 శాతం, కాబట్టి 600ని 0.55తో భాగించు, నిమిషానికి సుమారు 1090 మి.లీ. ఆ మిగిలిపోయే 10 శాతం వల్ల అసలు ప్రవాహం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, ఎగ్జామినర్లు అడిగేదిదే.

బరంపురం అక్క: పీఏహెచ్ మోతాదు మించితే ట్యూబ్యూల్ చేతులెత్తేస్తుంది, లెక్క తక్కువ చూపిస్తుంది, అదీ రాయి. మామూలు ఆస్పత్రుల్లో ఇది చెయ్యరులే. ఉద్దానంలో మా చుట్టాలు ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది’ అనే అడుగుతారు, రక్తంలోని ఆ వ్యర్థం చెప్పేది వడపోత సంగతి, రక్తప్రవాహం కాదు.