బ్రిడ్జ్ పార్ట్‌నర్ దొరికారు కానీ బిడ్డింగ్ దగ్గర పొసగట్లేదు, ఏం చేయమంటారు?

తురుపుముక్క:
అందరికీ నమస్తే. రమ్మీ నుంచి బ్రిడ్జ్‌కి వచ్చినోణ్ణి, రెండేళ్లుగా బీబీఓలో (ఆన్‌లైన్ బ్రిడ్జ్ సైట్) రోబోలతోనే కాలక్షేపం. మనుషులతో ఆడదామని మా వైపు క్లబ్బులో అడిగితే ఒక రిటైర్డ్ బ్యాంకు అంకుల్ కలిశారు, 70 దాటాయి, పడిన ప్రతి ముక్కా గుర్తుంటుంది ఆయనకి. తేడా అంతా బిడ్డింగ్ (ఎన్ని పట్లు గెలుస్తామో ఆటకి ముందే పలకడం) దగ్గరే. ఆయన వన్ నోట్రంప్ (తురుపు లేని ఆట) ఓపెన్ చేశారు, నాకు పెద్ద ముక్కల లెక్కలో 10 పాయింట్లు, నేను నేర్చుకున్న స్టాండర్డ్ అమెరికన్ సిస్టమ్‌లో అది 15-17 కదా అని నేరుగా త్రీ నోట్రంప్ కొట్టా. నా ముక్కలు పరిచేసరికి ఆయన మొహం మాడిపోయింది, ఆయన దగ్గరున్నవి 12! యాకోల్ అనే వేరే సిస్టమ్ అంట, అందులో 12-14 అంట. మూడు డౌన్, అంటే చెప్పినదానికి మూడు పట్లు తక్కువ. ఇంకో బోర్డులో నాకు అయిదు ఆఠీన్లు ఉన్నాయని ట్రాన్స్‌ఫర్‌గా (నా అసలు రంగు ఆఠీన్‌ని పార్ట్‌నర్‌తో పలికించే సంకేతం) టూ డైమన్ అంటే ఆయన నిజం డైమన్ అనుకుని పాస్. నా దగ్గర డైమన్లు 2, ఆయన దగ్గర 3, మిగతా 8 అవతలోళ్ల దగ్గర. ఇప్పుడు నేనే యాకోల్ నేర్చుకోవాలా, ఆయన్ని మారమని అడగొచ్చా?

నాలుగోచెయ్యి:
ట్రాన్స్‌ఫర్ పాస్ అవ్వని వాళ్లెవరు బ్రదర్ ఇక్కడ 😄 సిస్టమ్ పేరు చెప్పుకుంటే ఒప్పందం అయిపోయిందనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా. నేనూ మా ఫ్రెండూ కీకార్డ్ బ్లాక్‌వుడ్ (ఆసులూ తురుపు రాజూ కలిపి ఎన్నున్నాయో అడిగే పద్ధతి) ఆడదాం అని తలూపేసి కూర్చున్నాం, నేను ఫోర్ నోట్రంప్ అడిగితే ఫైవ్ కళావర్ వచ్చింది, నా లెక్కలో అది 0 లేదా 3, వాడి లెక్కలో 1 లేదా 4. మూడున్నాయనుకుని ఏడుకి (పట్లన్నీ మావే కావాలి) వెళ్లిపోయా, ఉన్నది ఒక్కటే. అందుకే ఒక గంట టీ తాగుతూ కూర్చోండి, నోట్రంప్ ఎన్ని పాయింట్లు, ఇస్పేటు ఆఠీన్‌లకి నాలుగు ముక్కలా అయిదా, టూ లెవెల్ ఓపెనింగ్ వీకా స్ట్రాంగా, డబుల్ ఎక్కడిదాకా టేకౌట్ (పార్ట్‌నర్‌ని ఏదో రంగు చెప్పమనడం), మన నోట్రంప్ మీద అవతలోడు మధ్యలో దూరితే ట్రాన్స్‌ఫర్ ఉంటుందా పోతుందా (ఇదే అందరూ మర్చిపోయేది). అన్నీ కాగితం మీద రాయండి, అవతలివాళ్లు అడిగితే చెప్పాల్సిందే, రహస్య ఒప్పందాలు కుదరవు. తర్వాత బీబీఓలో బిడ్డింగ్ టేబుల్ పెట్టుకుని ఓ ఇరవై చేతులు ఒట్టి బిడ్డింగే చేయండి, ఆట వద్దు.

కళావర్‌రాజా:
ఇద్దరూ ప్రెసిషన్ అనే సిస్టమ్‌కి మారిపోండి, 16 పైన ఉంటే దాదాపు అన్నీ వన్ కళావరే, గొడవ లేదు. తైవాన్ వాళ్లు 1969లో దాంతోనే బెర్ముడా బౌల్ (బ్రిడ్జ్ ప్రపంచ టీమ్ పోటీ) ఫైనల్ దాకా వెళ్లారు.

పాతపేక:
రాజా, మొగుడూపెళ్లాల గొడవకి ఇద్దరికీ వేరే పెళ్లి చేయమన్నట్టుంది నీ సలహా.
తురుపుముక్క బాబూ, నాకూ 66, నేనూ యాకోల్‌లోనే పుట్టా. 12-14 చెడ్డదేం కాదు, అవతలివాళ్లకి వన్ లెవెల్‌లో నోరు తెరిచే చోటే ఉండదు, కాకపోతే వల్నరబుల్‌లో (ఓడితే పెనాల్టీ ఎక్కువ పడే బోర్డుల్లో) డబుల్ పడితే ఏడుపే. పెద్దాయన మారరని ముందే అనేసుకోకు. మొత్తం సిస్టమ్ మార్చమనకుండా ముందు ట్రాన్స్‌ఫర్లు ఒక్కటి అడుగు, యాకోల్ ఆడేవాళ్లు కూడా చాలామంది ఆడతారవి. నాలుగు ముక్కల మేజర్ (ఇస్పేటు, ఆఠీన్) నువ్వు ఒప్పుకో, సపోర్ట్‌కి నాలుగున్నాయో లేదో చూసుకుంటే చాలు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనకి పెయిర్స్ గోల్డ్ తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కి 60, శివ్‌నాథ్ సర్కార్‌కి 56. ఈ ఆటలో వయసు అడ్డం కాదులే. ముక్కలన్నీ గుర్తుండే పార్ట్‌నర్‌ని నోట్రంప్ కోసం వదులుకోకు.

తురుపుముక్క:
థాంక్స్ అండి. నిన్న అంకుల్ వాళ్లింటికే వెళ్లా, పెసరట్టు కూడా అయింది. ట్రాన్స్‌ఫర్లకి ఒక్క మాటలో ఓకే అన్నారు, ఆయన పాత పార్ట్‌నరే ఇష్టపడేవాడు కాదంట! నోట్రంప్ మాత్రం నాన్ వల్నరబుల్‌లో 12-14, వల్నరబుల్‌లో 15-17 అని బేరం కుదిరింది. ఇప్పుడు నా భయమల్లా బిడ్ చేసే ముందు బోర్డు రంగు (వల్నరబులో కాదో చెప్పేది) చూడ్డం మర్చిపోతానేమో అని.

నాలుగోచెయ్యి:
మర్చిపోతావ్ 😄