బలక్లావాలో తప్పెవరిది? చీటీ రాసినవాడిదా, తెచ్చినవాడిదా, చదివినవాడిదా?

గాజువాక కుర్రాడు:

అందరికీ నమస్కారం. నేను ఒక గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పోయిన వారం మా మేనేజర్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడేశాడు. "ఆ లోడ్ వెంటనే పంపేయండి, లేట్ చేయొద్దు." యార్డులో మూడు లారీలున్నాయి. ఏ లోడో చెప్పలేదు. మా ఇద్దరు ఇన్‌ఛార్జులకు ఎప్పటినుంచో మాటల్లేవు. ఒకాయన అడగడు, రెండో ఆయన చెప్పడు. చివరికి వెనక్కి పోవాల్సిన పాడైన సరుకు నిక్షేపంగా కస్టమర్ ఇంటికెళ్ళి దిగింది. ఇప్పుడు ముగ్గురూ అదే మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, "చూడు, ఇందులో ఏముందో నువ్వే చదువు" అని ఒకరి ముఖం మీద ఒకరు పెట్టుకుంటున్నారు.

ఇంట్లో చెబితే మా అన్నయ్య నవ్వి, "బలక్లావాలో కూడా ఇంతేరా, కాకపోతే అక్కడ పోయింది సరుకు కాదు" అన్నాడు. రాత్రంతా దాని గురించే చదివాను. 1854 అక్టోబర్ 25, రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి చేసిన క్రిమియా యుద్ధం, బలక్లావా అనే ఊరి దగ్గర. దాదాపు 670 మంది బ్రిటిష్ గుర్రపు సైనికులు కత్తులు దూసి, ఎదురుగా ఉన్న రష్యన్ ఫిరంగుల మీదికే నేరుగా వెళ్ళారట. రెండు పక్కల గుట్టల మీదా రష్యన్లేనట. పైనుంచి వచ్చిన చీటీలో వెళ్ళమన్న చోటు అది కానే కాదట!

అంతమంది పెద్ద ఆఫీసర్లలో ఒక్కరికీ బుర్ర పనిచేయలేదా? అసలు తప్పెవరిది? తెలిసినవాళ్ళు చెప్పండి.

హిస్టరీ టీచరమ్మ:

బాబూ, ముందు ఆ చీటీలో ఏముందో చూడు. సైన్యాధిపతి లార్డ్ రాగ్లన్ చెబుతుంటే జనరల్ ఎయిరీ పెన్సిల్‌తో రాశాడు. అర్థం ఇది: అశ్వదళం వేగంగా ముందుకు కదలాలి, శత్రువును వెంబడించి ఫిరంగులు తీసుకుపోకుండా ఆపడానికి ప్రయత్నించాలి, గుర్రపు ఫిరంగుల దళం వెంట రావచ్చు, ఫ్రెంచి అశ్వదళం మీ ఎడమవైపు ఉంది, వెంటనే. అంతే. ఏ ఫిరంగులు, ఎటు ముందుకు అన్నది లేదు.

రాగ్లన్‌కి అది రాయాల్సిన సంగతిగా తోచలేదు. ఎందుకంటే ఆయన సపూన్ గుట్ట మీద నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి చూస్తే కింద మైదానమంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో ఒక మిట్ట, దానికి అటూ ఇటూ రెండు లోయలు. ఆ మిట్ట మీదున్న చిన్న కోటల్ని పొద్దున్నే రష్యన్లు టర్కీ సైనికుల దగ్గరనుంచి లాక్కున్నారు. వాటిలో బ్రిటిష్ వాళ్ళు పెట్టిన ఫిరంగులున్నాయి. వాటిని రష్యన్లు తరలించుకుపోతున్నట్టు పైనుంచి కనపడింది. రాగ్లన్ ఆపమన్నది వాటినే.

కింద లోయలో ఉన్న అశ్వదళాధిపతి లార్డ్ లూకన్‌కి ఆ మిట్టే అడ్డం. అవతల ఏం జరుగుతోందో ఆయనకి కనపడదు. ఆయనకి తెలిసిన రష్యన్ ఫిరంగులు లోయ ఆ చివర బారుగా నిలబెట్టినవి.

అయినా ఆయన అడగకుండా ఊరుకోలేదు, అది గుర్తుపెట్టుకో. చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ని "ఏ ఫిరంగులు? దేని మీద దాడి?" అని అడిగాడు. నోలన్ మంచి రౌతు, నిటారు వాలు మీదినుంచి గుర్రాన్ని దౌడు తీయించి వచ్చాడు. లూకన్ అంటే అతనికి లెక్కలేదు. చెయ్యి విసురుగా లోయ వైపు ఊపి, "అదుగో మీ శత్రువు, అవిగో మీ ఫిరంగులు" అన్నాడు. ఒక కెప్టెన్ ఒక జనరల్‌తో మాట్లాడే తీరు కాదది. లూకన్ మళ్ళీ అడగలేదు.

నన్నడిగితే తప్పు ఎక్కువ పాలు రాగ్లన్‌దే. తనకు కనిపించేదే అందరికీ కనిపిస్తుందనుకున్నాడు.

గాజువాక కుర్రాడు:

థాంక్స్ మేడమ్. లూకన్‌కీ, అతని కింద దాడి నడిపిన కార్డిగన్‌కీ కూడా పడదని ఎక్కడో చదివాను. నిజమేనా?

హిస్టరీ టీచరమ్మ:

పడకపోవడమేమిటి, స్వయానా బావా బావమరుదులు! కార్డిగన్ చెల్లెలిని లూకన్ చేసుకున్నాడు, ఆ కాపురం చెడిపోయింది. ఇద్దరికీ ఏళ్ళ తరబడి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అలాంటివాళ్ళలో ఒకరిని మొత్తం అశ్వదళానికి అధిపతిని చేసి, రెండోవాడిని ఆయన కింద లైట్ బ్రిగేడ్ అనే తేలికపాటి గుర్రపు దళం మీద పెట్టి పంపారు. ఆ రోజుల్లో సైన్యంలో పదవులు డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళు, కార్డిగన్ రెజిమెంటు కూడా అలా కొన్నదే. తోటివాళ్ళు బురదలో డేరాల్లో పడుకుంటుంటే ఆయన రేవులో నిలిపిన సొంత యాచ్‌లో పడుకుని, పొద్దెక్కాక డ్యూటీకి వచ్చేవాడు.

గిద్దలూరు సుబేదార్ (రిటైర్డ్):

టీచరమ్మగారు చెప్పిందంతా కరెక్టే. కానీ మొత్తం రాగ్లన్ నెత్తిన రుద్దేయడం నాకు నచ్చలేదు.

ఫౌజులో హుకుం వచ్చాక జవాను ఎదురు ప్రశ్న వేయడు, వేయకూడదు. లైట్ బ్రిగేడ్ జవాన్లు గీత తప్పకుండా వెళ్ళారు, పక్కవాడు పడితే ఖాళీలోకి జరిగి వరస సర్దుకున్నారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. కానీ లూకన్ జవాను కాదు కదా, డివిజన్‌ను నడిపే జనరల్. "ప్రయత్నించాలి" అని చీటీలోనే రాసుంది. అంటే వీలు చూసి చేయమనే. ఇంకో గుర్రపువాడిని గుట్ట మీదికి పంపి ఖాయం చేసుకోవచ్చు. టైము పోతుంది, నిజమే. ఫిరంగులు పోతాయి, పోనీ. మనుషులు మిగులుతారు.

ఇంకో సంగతి. లూకన్ వచ్చి చెప్పినప్పుడు కార్డిగన్ కత్తితో సెల్యూట్ చేసి, ఎదురుగా ఫిరంగులున్నాయి, రెండు పక్కలా కూడా ఫిరంగులూ తుపాకులవాళ్ళూ ఉన్నారు అని చెప్పాడు. లూకన్ ఏమన్నాడు? "తెలుసు, కానీ రాగ్లన్ ఆజ్ఞ" అన్నాడు. అంటే ఇద్దరికీ తెలుసు! తెలియక చావడం వేరు, తెలిసి చంపించడం వేరు. "బావా, ఇది మతిలేని పని, పద, ఇద్దరం వెళ్ళి అడుగుదాం" అని వాళ్ళలో ఒక్కడంటే సరిపోయేది. అనలేదు. మర్యాదగా మాట్లాడుకుని 670 మందిని పంపారు.

రెండు కిలోమీటర్ల లోయ. ముందు నడక, తర్వాత పరుగు, చివర్లో దౌడు. గుర్రాన్ని మొదటినుంచీ దౌడు తీయిస్తే చివరికి దమ్ము ఉండదు. అందుకని గుండ్లు పడుతున్నా వరస ఆపుకుంటూ పోయారు. నాకు ఆ నడకే తట్టుకోలేని విషయం.

డోర్నకల్ రిటైర్డ్:

నేను 36 ఏళ్ళు రైల్వేలో చేసిన. అందులో ఎక్కువ కాలం స్టేషన్ మాస్టర్‌గానే. మీరందరూ "ఎవరి తప్పు" అంటున్నరు. నాకు మాత్రం ఆ చీటీ చదవగానే వేరే సంగతి తట్టింది. దాని మీద తిరిగి చెప్పించుకునే పద్ధతి లేదు.

మా దగ్గర ట్రాక్ పని జరుగుతుంటే డ్రైవర్‌కి కాషన్ ఆర్డర్ ఇస్తం. "ముందర జాగ్రత్తగా పో" అని రాస్తే ఒప్పుకోరు. ఏ స్టేషన్‌కీ ఏ స్టేషన్‌కీ నడుమ, ఏ కిలోమీటర్ కాడి నుంచి ఏ కిలోమీటర్ దాకా, గంటకు ఎంత స్పీడు, ఎందుకు. డ్రైవర్ సంతకం పెట్టి తీసుకోవాలె. ఎంత తొందర ఉన్నా సరే. పెద్దాఫీసర్ ఫోన్ చేసి తిట్టినా సరే. రాగ్లన్ చీటీ మా రైల్వేలో కాషన్ ఆర్డర్‌గా ఒక్క నిమిషం నిలబడదు.

ఇంకోటి చెప్త. మా పక్క స్టేషన్ మాస్టరు నాకు దూరపు చుట్టం. పొలం గట్టు తగాదా. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ముఖం తిప్పుకునేటోళ్ళం. కానీ డ్యూటీలో ఏదైనా మాట ఖాయం చేయాల్నంటే ఇద్దరం ఫోన్ ఎత్తాల్సిందే. ప్రైవేట్ నంబర్ల షీటు అని ఒకటి ఉంటది. వరస లేని రెండంకెల నంబర్లు అచ్చు వేసి ఉంటయ్. ఎదుటోడు మాట పూర్తిగా చెప్పి నంబర్ చెప్తడు, నేను మాట తిరిగి అప్పజెప్పి నా నంబర్ ఇస్త. వాడిన నంబర్ కొట్టేయాలె, రిజిస్టర్‌లో రాయాలె. "బాగున్నవా" అని అనం. "నలభై ఏడు, నాలుగు ఏడు" అంటడు. "ఇరవై మూడు, రెండు మూడు" అంట. ఫోన్ పెట్టేస్తం. వాని మీద కోపం ఉంది, కానీ ఒక్క బండికీ ఆ కోపం తగలలే.

ఎందుకు? నేను మంచోణ్ణని కాదు, వాడు మంచోడని కాదు. మళ్ళీ అడిగితే చిన్నతనం అనేది ఆ పద్ధతిలో లేదు. అందరూ అడుగుతరు, అడగకపోతేనే చార్జిషీటు. లూకన్ ఒకసారి అడిగిండు, ఆ కెప్టెన్ నోటి దురుసుకు చిన్నబోయిండు, రెండోసారి అడిగితే పరువు పోతదనుకున్నడు. అక్కడ పరువు అడ్డం పడ్డది. సుబేదార్ సాబ్ చెప్పినట్టు బావమరిది కూడా అంతే, ఒక మాట అని ఆగిపోయిండు.

గాజువాక తమ్ముడూ, మీ గ్రూపులో ఇట్ల పెట్టుకోండ్రి: లారీ నంబర్ లేకుంటే ఆ మెసేజ్ మెసేజ్ కాదు. చదివినోడు లారీ నంబర్ తిరిగి టైప్ చేయకుంటే బండి గేటు దాటదు. బొటనవేలు బొమ్మ పెడితే కుదరదు. మేనేజర్ ఒప్పుకుంటడా అంటే, పాడైన సరుకుకు ఎంత లాస్ అయిందో ముందు చూపించు.

హిస్టరీ టీచరమ్మ:

మాస్టారూ, మీ ప్రైవేట్ నంబర్ సంగతి రేపు క్లాసులో చెబుతాను, ఏమనుకోకండి.

ఒక్కటి కలుపుతాను. దాడి మొదలైన కొద్దిసేపటికే నోలన్ వరస దాటి, అరుస్తూ, కత్తి ఊపుతూ కార్డిగన్ ముందుగా దూసుకెళ్ళాడు. దారి తప్పారని ఆపబోయాడా, ఉత్సాహం కొద్దీనా? చెప్పేలోపే గుండు ముక్క గుండెలో దిగి పోయాడు. చనిపోయినవాళ్ళలో అతనే మొదటివాడంటారు. కార్డిగన్‌కి మాత్రం తన ముందు ఒక కెప్టెన్ గుర్రం నడిపాడన్నదే పెద్ద అవమానం. ఫిరంగుల దాకా వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చాక కూడా మొదట ఫిర్యాదు చేసింది దాని గురించే! విన్న జనరల్ స్కార్లెట్ (రెండో గుర్రపు దళం, హెవీ బ్రిగేడ్ అధిపతి), నోలన్ చచ్చిపడి ఉన్నాడని చెప్పాల్సి వచ్చింది.

గాజువాక కుర్రాడు:

అమ్మో. మరి ఎంతమంది పోయారు? వాళ్ళకి శిక్ష ఏమైనా పడిందా?

గిద్దలూరు సుబేదార్ (రిటైర్డ్):

చచ్చిపోయినవాళ్ళు దాదాపు 110 మంది. గాయపడినవాళ్ళు, పట్టుబడినవాళ్ళు వేరే. గుర్రాలు మూడు వందల పైన. ఫిరంగులు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఫ్రెంచి దళం ఎడమ పక్క గుట్ట మీద రష్యన్లను తరమబట్టి తిరుగుదారిలో కొంతమందైనా మిగిలారు. వాళ్ళ పేరు ఎవరూ తలవరు.

హిస్టరీ టీచరమ్మ:

శిక్షా? రాగ్లన్ "లైట్ బ్రిగేడ్‌ను పోగొట్టారు" అని లూకన్‌ను నిలదీశాడు, లూకన్ చీటీ చూపించాడు. ఆజ్ఞను అపార్థం చేసుకున్నారని రాగ్లన్ రిపోర్టులో రాశాడు, లూకన్ ఒప్పుకోక గొడవ చేస్తే వెనక్కి పిలిపించారు. రాగ్లన్ మరుసటి ఏడాదే క్రిమియాలో జబ్బుచేసి పోయాడు. కార్డిగన్‌కి ఇంగ్లండులో వీరుడి స్వాగతం దక్కింది, అశ్వదళానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. లూకన్‌ను 1887లో ఫీల్డ్ మార్షల్ చేశారు. ఆ చీటీ లండన్‌లో సైనిక మ్యూజియంలో ఉంది.

గాజువాక కుర్రాడు:

మా వాళ్ళ స్క్రీన్‌షాట్ కూడా అలాగే దాచుకునేలా ఉన్నారు. డోర్నకల్ మాస్టారూ, మీ సలహా ప్రకారం లారీ నంబర్ రూల్ ఈ రోజే గ్రూపులో పెట్టాను. మేనేజర్ చదివాడు, జవాబు లేదు. పగలు ఇన్‌ఛార్జి బొటనవేలు బొమ్మ పెట్టాడు.

డోర్నకల్ రిటైర్డ్:

బొటనవేలు వద్దన్న కదా. నంబర్ టైప్ చేయమను.